పురిటికి పుట్టింటికే వచ్చే పిట్ట

మార్చి నెలలో సైప్రస్ దీవిలోని ట్రూడోస్ కొండల మీద మంచు ఇంకా పూర్తిగా కరిగి ఉండదు. అలాంటి రోజుల్లోనే నలుపు, తెలుపు కలిసిన ఒక చిన్న పిట్ట సూడాన్ నుంచో ఇథియోపియా నుంచో వచ్చి దిగుతుంది. కరెంటు తీగ మీదో, ఎండిన పైన్ కొమ్మ చివరో కూర్చుని గుర్రుమంటూ రొద మొదలుపెడుతుంది. పేరు సైప్రస్ వీటియర్. ఊరి జనం స్కాలిఫుర్తా అంటారు. పొడవు జానెడు కూడా ఉండదు. బరువు పదిహేను, ఇరవై గ్రాముల మధ్య. ఈ భూమ్మీద ఈ పిట్ట గూడు కట్టేది, గుడ్లు పెట్టేది, పిల్లల్ని లేపేది ఆ ఒక్క దీవిలోనే.

తెలుగిళ్లలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి రావడం ఆనవాయితీ. ఈ జాతిలో ఆడదీ మగదీ రెండూ ఏటా పుట్టింటికే వస్తాయి. ఆ పుట్టిల్లు చూస్తే 9,251 చదరపు కిలోమీటర్ల నేల, అంటే పాత కృష్ణా జిల్లా కంటే కాస్త పెద్దది. ఆఫ్రికాలో ఏ చెట్టు మీద కనిపించినా సరే, ఈ జాతి పిట్ట గుడ్డులోంచి బయటపడింది మాత్రం ఆ కాస్త నేలలోనే.

దీవులకే పరిమితమైన పక్షులు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఏడాదంతా అక్కడే ఉండిపోతాయి. కొన్నైతే తరాల తరబడి సుఖంగా బతికి ఎగరడమే మర్చిపోయాయి. సైప్రస్ వీటియర్ అలా కాదు. ఖండాలు దాటేంత బలం రెక్కల్లో ఉంది. దీవికి ఉత్తరాన టర్కీ తీరం 70 కిలోమీటర్ల చుట్టుపక్కలే. అక్కడా అవే రాళ్లు, అవే పైన్ చెట్లు, అవే పురుగులు. వేల కిలోమీటర్లు ఎగిరే పిట్టకు ఆ దూరం లెక్కలోది కాదు. అయినా అక్కడ గూడు పెట్టదు. ఎందుకని? ఒకే దీవిని నమ్ముకున్నందుకు ఈ జాతి ఆపదలో ఉన్నట్టా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికితే, అరుదైన జాతి అనే మాటనే కొత్తగా అర్థం చేసుకోవాల్సి వస్తుంది.

కంపనల్లంచికి దూరపు చుట్టం

తెలుగు నేల మీద దీనికి పోలిక చెప్పాలంటే కంపనల్లంచిని తలుచుకోవాలి. చేను గట్టు మీద, ముళ్లకంప మీద, కంచె రాయి మీద కూర్చుని తోకాడిస్తూ, కింద పురుగు కదలగానే దూకి పట్టుకుని మళ్లీ అదే చోటికి చేరే నల్ల పిట్ట అది. నల్లంచి, పెద్ద నల్లంచి, కంపనల్లంచి, వీటియర్లు అన్నీ ఒకే కుటుంబం. కూర్చునే తీరు, వేటాడే తీరు చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది.

వీటియర్ అనే ఇంగ్లీషు పేరులో గోధుమ వినిపిస్తుంది గానీ ఆ గింజతో దీనికి సంబంధం లేదు. తెల్ల పిరుదు అని అర్థమొచ్చే పాత మాట నలిగి నలిగి అలా తయారైంది. ఎగిరేటప్పుడు నడుము కింద, తోక మొదట్లో తళుక్కుమనే తెలుపే ఆ పేరుకు మూలం. సైప్రస్ వీటియర్ మగపక్షికి ముఖం, గొంతు, వీపు, రెక్కలు కారునలుపు. నడినెత్తి నుంచి మెడ దాకా తెలుపు. ఛాతీ, పొట్ట లేత ఇటుక రంగు కలిసిన తెలుపు. ఆడపక్షి నెత్తి కొంచెం మసగ్గా ఉంటుందేగానీ, దూరం నుంచి చూస్తే ఏది ఆడదో ఏది మగదో చెప్పడం కష్టం.

ఆడ, మగ ఇంత దగ్గరగా ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఈ పిట్టను వేరే జాతిగా గుర్తించడంలో అదే పెద్ద సాక్ష్యమైంది. 1884లో జర్మన్ పక్షి శాస్త్రవేత్త యూజెన్ ఫెర్డినాండ్ ఫాన్ హోమెయర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత చాలాకాలం దీన్ని పైడ్ వీటియర్‌లో ఒక ఉపజాతిగానే లెక్కగట్టారు. పైడ్ వీటియర్ నల్లసముద్రం పడమటి తీరం నుంచి మంగోలియా, చైనా వరకు పరుచుకున్న జాతి. అంత పెద్ద జాతికి దీవిలో మిగిలిపోయిన ఒక కొమ్మ ఇది అనుకున్నారు. కానీ పైడ్ వీటియర్ ఆడపక్షి మగదానిలా ఉండదు, మట్టిరంగులో ఉంటుంది. 1970లలో ఈకల మీద జరిగిన పరిశీలన, 1982లో ఇద్దరు డచ్ పరిశోధకులు రాసిన వ్యాసం కలిసి లెక్క మార్చాయి. ఈకల రంగు, ఒంటి కొలతలు, పాట, తిండి వెతుక్కునే తీరు, ఇలా ఏ వైపు నుంచి చూసినా ఇది వేరే జాతేనని ఆ వ్యాసం వాదించింది. ఇప్పుడు అందరూ ఒప్పుకునే మాట అదే.

వీటిలో పాట సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. వీటియర్లలో చాలావాటి పాట చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మధ్యలో ఈలలు, గరగరలు, పక్క పక్షుల కూతల అనుకరణలు వస్తాయి. సైప్రస్ వీటియర్ పాట వింటే పక్షి అని చప్పున తట్టదు. బిజ్, బిజ్, బిజ్ అంటూ ఒకే తీరున సాగే రొద అది. మధ్యధరా వేసవిలో చెట్లకు అంటుకుని మోగే సికాడా పురుగు చప్పుడుకు దగ్గరగా ఉంటుంది. కొండల్లో మొదటిసారి నడిచేవాళ్లు దాన్ని పురుగే అనుకుని ముందుకు పోతారు. మనిషికి సంగీతంలా అనిపించకపోయినా ఆ రొదకు చేయాల్సిన పని ఉంది. ఆడపక్షి తన జాతి మగవాణ్ణి పోల్చుకునేది ప్రధానంగా పాటను బట్టే. పాట అంత తేడాగా ఉన్నప్పుడు రెండు జాతుల మధ్య గోడ లేచినట్టే.

తిండి వెతుక్కోవడంలోనూ తేడా ఉంది. వీటియర్ అంటే సాధారణంగా బోడి నేల, రాళ్లగుట్ట, చెట్టు చేమ లేని చోటు. ఈ దీవి పిట్ట మాత్రం చెట్లకు అలవాటు పడింది. పైన్ అడవుల మధ్య ఖాళీల్లో, ఆలివ్ తోటల్లో, ఊళ్లలో, సముద్రపు ఒడ్డు నుంచి 1,952 మీటర్ల ఒలింపస్ శిఖరం చుట్టుపక్కల వరకు కనిపిస్తుంది. ఎత్తైన కొమ్మ మీద కూర్చుని కింద కదిలే చీమనో పేడపురుగునో కనిపెట్టి దూకుతుంది. గూడు రాతి గోడ సందులోనో, మట్టికట్ట తొర్రలోనో పెడుతుంది. ట్రూడోస్ కొండలు ఒకప్పటి సముద్రపు అడుగు, భూమి కదలికల వల్ల పైకి లేచిన రాయి. పగుళ్లు, సందులు, తొర్రలకు అక్కడ కరువు లేదు. దీవిలో రకరకాల చోట్ల సర్దుకోగలగడం ఈ పిట్టకున్న మొదటి బలం. చిన్న దీవిలో ఉంటూ ఒకే రకం అడవిని పట్టుకుని కూర్చునే జాతికి ఇంత నిబ్బరం ఉండదు.

అరవై గంటలు, ఆగకుండా

ఈ పిట్ట చలికాలం ఆఫ్రికాలో గడుపుతుందని ఎప్పటినుంచో తెలుసు. ఎలా వెళ్తుంది, ఎక్కడెక్కడ ఆగుతుంది అన్నది తేలింది మాత్రం ఈమధ్యే. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నుంచి మరీనా జెనోఫోంటోస్, విల్ క్రెస్వెల్, మరో సహ పరిశోధకురాలు కలిసి 2017లో ఆ లెక్క బయటపెట్టారు. ట్రూడోస్ కొండల మీద పట్టుకున్న పిట్టలకు వాళ్లు జియోలొకేటర్ అనే పరికరం తగిలించారు.

ఆ పరికరం పనితీరు తెలిస్తే లెక్కల మీద నమ్మకం ఎంత పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. అది ఉపగ్రహంతో మాట్లాడదు. అంత పరికరాన్ని ఈ పిట్ట మోయలేదు. గ్రాము బరువైనా లేని ఈ జియోలొకేటర్‌లో ఉండేవి ఒక వెలుతురు సెన్సర్, ఒక గడియారం, ఆ లెక్క దాచుకునే కాస్త జ్ఞాపకం. తొడల చుట్టూ వేసే సన్నని ఉచ్చుతో దాన్ని పిట్ట వీపు కింది భాగంలో కట్టి వదిలేస్తారు. రోజూ ఎప్పుడు తెల్లవారింది, ఎప్పుడు పొద్దుగూకింది అనేది అది రాసుకుంటూ పోతుంది. పగలు ఎంతసేపుంది అనేదాన్ని బట్టి ఉత్తర దక్షిణాల్లో ఎక్కడుందో, మిట్టమధ్యాహ్నం ఏ సమయానికి పడింది అనేదాన్ని బట్టి తూర్పు పడమరల్లో ఎక్కడుందో లెక్క కడతారు. అయితే ఆ సమాచారం కావాలంటే మరుసటి ఏడు అదే పిట్టను మళ్లీ పట్టుకోవాలి. అది బతికి రావాలి, అదే చోటికి రావాలి, వలకు చిక్కాలి. అలా చేతికొచ్చింది ఆరు పిట్టల ప్రయాణం. చిన్న లెక్కే. కానీ అంతకుముందు ఒక్కటి కూడా లేదు.

ఆ ఆరు పిట్టలు చెప్పిన విషయం ఇది. అక్టోబరు మధ్య నుంచి నెలాఖరులోపు దీవి విడిచాయి. సూడాన్, దక్షిణ సూడాన్, ఇథియోపియా దేశాలకు చేరాయి. సూటిగా కొలిస్తే సగటు దూరం సుమారు 2,538 కిలోమీటర్లు. పట్టిన సమయం దాదాపు 60 గంటలు. వేగం గంటకు కనీసం 43 కిలోమీటర్లు. దిగి, తిని, ఒకట్రెండు రోజులు సేదతీరి ఉంటే ఈ వేగం కుదరదు. మధ్యలో ఆగినా కొద్ది గంటలకు మించి ఆగి ఉండవని పరిశోధకుల అంచనా.

కన్యాకుమారి నుంచి చండీగఢ్ దాకా ఆకాశంలో సూటిగా గీత గీస్తే రమారమి అంతే దూరం. మధ్యలో పొలాలు, చెరువులు, చెట్లు ఉండవు. ముందు ఈజిప్టు తీరం దాకా 400 కిలోమీటర్ల సముద్రం, ఆ తర్వాత సహారా తూర్పు ఎడారి. పగలు నీడ లేదు, నీళ్లు లేవు. రెండు రాత్రులు దాటి మూడో రోజులోకి వచ్చేదాకా రెక్కలు ఆడుతూనే ఉండాలి.

ఇందుకు కావాల్సిన ఇంధనం ముందే ఒంట్లో పోగేసుకోవాలి. దూరం ఎగిరే చిన్న పక్షులన్నీ బయలుదేరే ముందు వారాల్లో విపరీతంగా తింటాయి. చర్మం కింద, పొట్ట చుట్టూ పసుపు రంగు కొవ్వు పేరుకుంటుంది. ఒక గ్రాము కొవ్వు ఇచ్చే శక్తి పిండిపదార్థం ఇచ్చేదానికి రెండింతల పైనే. పైగా అది కరిగేటప్పుడు కాస్త నీరు కూడా వస్తుంది. ఎడారి మీద ఎగిరే పిట్టకు ఆ కాస్తా కాస్త కాదు. కొవ్వు చాలకపోతే కండ కరుగుతుంది. ప్రయాణంలో పనిలేని పేగులు కూడా చిక్కిపోతాయి. ఇవన్నీ దీవిలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దొరికే పురుగుల మీద, పండ్ల మీద ఆధారపడి ఉన్నాయి. దారిలో ఎక్కడా ఆగని పిట్టకు దారిలో రీఫిల్లింగ్ కూడా లేదు. అందుకే సైప్రస్ దీవిని పుట్టిల్లుగా మాత్రమే చూస్తే సరిపోదు. ఎడారి దాటడానికి సరిపడా సద్ది మూట కట్టి పంపేది కూడా ఆ ఇల్లే.

తిరుగు ప్రయాణం మార్చి నెలలో. సరిగ్గా ఆ రోజుల్లోనే భూమ్మీద అంతటా పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి. పగటి పొడవును బట్టి ఉత్తర దక్షిణాలు తేల్చే పరికరానికి ఇది చిక్కు తెచ్చే కాలం. పిట్ట ఈజిప్టులో ఉందో ఇథియోపియాలో ఉందో ఆ కొద్దిరోజులు తేల్చి చెప్పలేదు. అందుకే వెళ్లే దారి తెలిసినంత బాగా వచ్చే దారి గురించి చెప్పడం కుదరదు.

ఆ అధ్యయనంలో తేలిన ఇంకో సంగతి మీద అంత చర్చ జరగలేదు కానీ, ఈ జాతి భవిష్యత్తుకు అదే ముఖ్యమనిపిస్తుంది. కొండ మీద పక్కపక్కన గూళ్లు పెట్టిన పిట్టలు ఆఫ్రికాలో పక్కపక్కన లేవు. వాటి చలికాలపు చోట్లు కనీసం 950 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. వేసవిలో ఇరుకు ఇంట్లో ఉన్న కుటుంబం చలికాలంలో తలో ఊరికి పోయినట్టు. ఒక చోట వానలు పడకపోయినా, మిడతల కోసం మందు కొట్టినా, గడ్డినేల దున్నేసినా దెబ్బ తగిలేది కొన్నింటికే. ఒకే దీవిలో పుట్టడం వల్ల ఉన్న ముప్పును ఆఫ్రికాలో చెల్లాచెదురుగా ఉండటం కొంత తగ్గిస్తోంది.

పక్క తీరానికి ఎందుకు పోదు

ఇప్పుడు మొదటి ప్రశ్న. టర్కీ తీరాన గూడు ఎందుకు పెట్టదు? వలస కాలంలో ఈ పిట్ట అటూ ఇటూ కనిపించిన సందర్భాలున్నాయి. ఇజ్రాయెల్‌లో, ఈజిప్టులో, టర్కీలో చూసినవాళ్లున్నారు. అక్కడికి చేరలేకపోవడం కాదు సమస్య. చేరినా సంసారం కుదరకపోవడం.

ఒక కారణం ఈ పిట్ట స్వభావం. ట్రూడోస్‌లో కాళ్లకు రంగు రింగులు తొడిగి ఏడాది తర్వాత ఏడాది చూసినవాళ్లకు కనిపించింది ఏమిటంటే, బతికున్న పిట్టలు పాత చోటుకే వస్తాయి. అదే కొండవాలు, దాదాపు అవే చెట్లు. నిరుడు పిల్లలు పెరిగి ఎగిరిపోయిన చోటు మంచిదని అనుభవంతో తెలుసు. కొత్తచోటు వెతుక్కోవడం అంటే తెలిసినదాన్ని వదిలి తెలియనిదాన్ని నమ్ముకోవడమే. రెక్కలకు ఎంత బలం ఉన్నా, కాలు పెట్టే చోటు విషయంలో ఈ జాతి అంత మొండిది. వలసపక్షి అంటే దేశదిమ్మరి అనుకుంటారు కానీ అది తప్పు. వేల మైళ్లు పోయి వచ్చి అదే రాతిగోడ సందు వెతుక్కునే ప్రాణిని దిమ్మరి అనలేం.

రెండో కారణం పక్క తీరంలో కాపురమున్న చుట్టాలు. టర్కీ దక్షిణ తీరంలో తూర్పు బ్లాక్‌ఇయర్డ్ వీటియర్ అప్పటికే గూళ్లు పెట్టి ఉంటుంది. అది, పైడ్ వీటియర్, పడమటి బ్లాక్‌ఇయర్డ్, సైప్రస్ వీటియర్, ఈ నాలుగూ దగ్గరి బంధువులని జన్యువుల పరిశోధనలు కూడా చెబుతున్నాయి. పైడ్, తూర్పు బ్లాక్‌ఇయర్డ్ కలిసే చోట్ల రెండు జాతుల మధ్య సంకరం బాగానే జరుగుతుంది. అలాంటి చోట దారితప్పిన ఒకటి రెండు సైప్రస్ వీటియర్లు దిగాయనుకోండి. తన రొద విని దగ్గరికి వచ్చే ఆడపక్షి అక్కడ లేదు. చోటు కోసం ఎదురుతిరిగే మగపక్షులు బోలెడు. ఒకవేళ జత కుదిరినా పిల్లలు చుట్టాల జాతిలో కలిసిపోతాయి. కాబట్టి ఆ 70 కిలోమీటర్ల నీళ్లు రెక్కలకు అడ్డం కాకపోయినా, జాతికి సరిహద్దుగా ఉండిపోయాయి. దీనికి నేరుగా ప్రయోగం చేసి తెచ్చిన రుజువు లేదు. తెలిసిన సంగతులన్నీ పక్కపక్కన పెడితే మాత్రం ఈ వివరణే నిలుస్తుంది.

ఇదే దీవిలో ఇంకో పిట్ట కథ పక్కన పెట్టి చూడొచ్చు. సైప్రస్ వార్బ్లర్ కూడా ఆ దీవిలోనే పిల్లల్ని లేపుతుంది. వాటిలో కొన్ని చలికాలం దీవిలోనే ఉంటాయి, మిగతావి ఈజిప్టు, ఇజ్రాయెల్ వైపు పోతాయి. దానికి పోటీ దీవికే నడిచొచ్చింది. 1990ల ఆరంభంలో సార్డీనియన్ వార్బ్లర్ సైప్రస్‌లో గూళ్లు పెట్టడం మొదలుపెట్టి, పొదలున్న చోట్లకల్లా పాకింది. అది బలపడిన కొన్ని చోట్ల దీవి పిట్ట తగ్గింది. కారణం కొత్త పిట్టేనా, పొదల తీరు మారడమా అన్నదాని మీద వాదన నడుస్తోంది. ఏదైనా, ఒకే దీవి ఉన్న జాతికి అలాంటి పరిస్థితిలో పక్కకు జరగడానికి చోటుండదు. వీటియర్‌కు అలాంటి పోటీ ఇప్పటిదాకా ఎదురు కాలేదు.

జాబితాలో భద్రం, లెక్కలో సన్నని గీత

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్ర జాబితాలో సైప్రస్ వీటియర్ ఆందోళన అక్కర్లేని జాతుల్లో ఉంది. దీవంతటా విరివిగా కనిపిస్తుంది. వయసొచ్చిన పిట్టలు ఏడాది నుంచి ఏడాదికి బతికే పాళ్లు వలస పిట్టల్లో మెరుగైనవే. సంఖ్య నిలకడగా ఉంది. ఒకే దీవి అనగానే అంతరించిపోతోందని అనుకోవడం ఈ పిట్ట విషయంలో పొరపాటు. చోటు తక్కువ కావడం వేరు, సంఖ్య తక్కువ కావడం వేరు.

అయితే ఆ జాబితా తయారయ్యే పద్ధతి చూస్తే గుండెల మీద చేయి వేసుకుని పడుకునే పరిస్థితి కూడా కాదు. ఒక జాతి బతికే ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువైతే, ముప్పు వర్గంలో చేరడానికి మొదటి షరతు తీరినట్టే. దాంతోపాటు ఇంకో రెండు షరతులు తీరాలి. చోటు ముక్కలవడం లేదా కొద్ది తావులకే పరిమితం కావడం ఒకటి, సంఖ్యో ఆవాసమో తగ్గుతూ పోవడం ఒకటి, విపరీతమైన హెచ్చుతగ్గులు ఒకటి, ఈ మూడింటిలో ఏవైనా రెండు. సైప్రస్ విస్తీర్ణం ఆ హద్దులో సగం కూడా లేదు. అంటే ఈ పిట్ట విషయంలో మొదటి షరతు పుట్టుకతోనే తీరిపోయింది. మిగతా రెండు వైపులా బాగుండబట్టే జాబితాలో భద్రంగా ఉంది. ఖండమంతా ఉన్న పిట్టకు కొన్ని చోట్ల కీడు జరిగితే ఇంకొన్ని చోట్ల మేలు జరిగి సరిపెట్టుకుంటుంది. ఈ పిట్టకు ఆ వెసులుబాటు లేదు.

తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి కథ తెలిసిందే. అంతరించిపోయిందనుకున్నది 1986లో మళ్లీ కనిపించింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. కలివికోడి వలస పోయే పక్షి కాదు, సంఖ్య కూడా వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన స్థితి. వీటియర్ ఇంకా ఊళ్లో తీగల మీద కూర్చునే పిట్టే. ఒక చోటునే నమ్ముకున్న జాతిని పట్టించుకోవాల్సింది అలా తీగల మీద కనిపిస్తున్నప్పుడే. కలివికోడి దశకు వచ్చాక వెతకడానికే ఏళ్లు పడతాయి.

దీవిలో పిట్టలకు ఉన్న ఆపద ఎలాంటిదో చూడాలంటే ఒక బంక పుల్లను దగ్గరగా చూడాలి. సన్నని పుల్లకు జిగురు పూస్తారు. ఆ జిగురు సెబెస్టెన్ పండ్ల గుజ్జు నుంచి వస్తుంది. తెలుగు పల్లెల్లో పిల్లలు కాగితాలు అంటించుకునే నక్కెర కాయకు అది తోబుట్టువు లాంటి చెట్టు. వేలితో తాకితే తీగలు తీగలుగా సాగే అదే బంక. పుల్లల్ని పొదల్లో కొమ్మల్లా గుచ్చుతారు. రాత్రంతా ఎగిరి అలిసిన పిట్ట కొమ్మే అనుకుని వాలుతుంది. కాళ్లు అంటుకుంటాయి, విడిపించుకోబోతే రెక్కలు అంటుకుంటాయి, ముక్కుతో పీకబోతే ముక్కూ అంటుకుంటుంది. ఈ తీరున గానీ, సన్నని వలలతో గానీ పట్టిన పిట్టల్ని అక్కడ అంబెలోపూలియా అంటారు, ద్రాక్షతోటల పిట్టలు అని అర్థం. డజను పిట్టల ప్లేటు 40 నుంచి 80 యూరోల దాకా పలికేది. ముఖ్యంగా కోరుకునేది బ్లాక్‌క్యాప్ అనే పిట్టనే. కానీ బంకకు, వలకు జాతి తెలియదు. నూటయాభైకి పైగా జాతుల పక్షులు వాటిలో చిక్కాయి.

ఈ వేట 1974 నుంచే చట్టవిరుద్ధం. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరాక దేశం మీద బాధ్యత ఇంకా పెరిగింది. అయినా బర్డ్‌లైఫ్ సైప్రస్ సంస్థ 2016 శరదృతువులో దీవి మొత్తం మీద దాదాపు 23 లక్షల పిట్టలు బలయ్యాయని అంచనా వేసింది. అందులో లక్షల పిట్టలు బ్రిటన్ సైనిక స్థావరం నేలలోనే చనిపోయాయి. అక్కడ వేటగాళ్లు పిట్టల కోసం తుమ్మజాతి చెట్లు పెంచి, నీళ్లు పెట్టి, రికార్డు చేసిన కూతలు వినిపించి వలల్లోకి రప్పించేవాళ్లు. ఆ తర్వాత నిఘా, జరిమానాలు గట్టిపడ్డాక ఆ స్థావరంలో సంఖ్య ఒక్క ఏడాదిలోనే బాగా పడిపోయింది. ఇది మనసుకు ఊరటనిచ్చే విషయం. అలవాటు, తరాల సంప్రదాయం అని చేతులు కట్టుకు కూర్చోకుండా చట్టాన్ని అమలు చేస్తే ఫలితం ఇంత త్వరగా వస్తుందని అది చూపించింది. వీటియర్ మీద ఈ వేట దెబ్బ బ్లాక్‌క్యాప్ మీద పడినంత లేదు. ఐతే అక్టోబరులో సద్ది కట్టుకునే రోజులూ, వలలు వేసే రోజులూ ఒకటే.

వేట ఒక్కటే చూస్తే సరిపోదు. 2021 జూలైలో అరకపాస్ ప్రాంతంలో చెలరేగిన మంట 50 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని, తోటల్ని కాల్చేసింది. నలుగురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఖండంలో అదొక అగ్నిప్రమాదం. ఈ పిట్టకు మాత్రం లోకంలో ఉన్న పుట్టినేలలో ఒక ముక్క. వేసవులు వేడెక్కుతూ, వానలు తగ్గుతూ ఉంటే గూళ్ల కాలంలో దొరికే పురుగుల లెక్క మారుతుంది. ఉత్తరాన ఉన్న జాతులు చల్లదనం కోసం ఇంకాస్త ఉత్తరానికి జరుగుతాయి. ఇక్కడ జరగాలంటే కొండ పైకే జరగాలి. ఆ కొండ 1,952 మీటర్ల దగ్గర అయిపోతుంది.

దీవి కూడా 1974 నుంచి రెండు పాలనల కింద చీలి ఉంది. మధ్యలో ఐక్యరాజ్యసమితి కాపలా ఉన్న పట్టీ, కొన్ని చోట్ల బ్రిటన్ స్థావరాలు. ఒకే జాతి పిట్ట ఒకే దీవిలో ఉన్నా, దాన్ని లెక్కపెట్టే చేతులు ఒకటి కాదు. ఆఫ్రికా వైపు చూస్తే పరిస్థితి ఇంకా కష్టం. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం నడుస్తోంది. మనుషులకే నిలువ నీడ లేని చోట పిట్టల్ని లెక్కపెట్టేదెవరు? ఏడాదిలో దాదాపు ఐదు నెలలు ఈ పిట్ట గడిపే నేల గురించి తెలిసింది ఇప్పటికీ ఆ ఆరు పరికరాలు రాసుకొచ్చిన పొద్దుల లెక్కే.

ఆ ఆరూ పెద్ద పిట్టలు, దారి తెలిసినవి. అదే ఏడు గూట్లోంచి బయటపడిన పిల్లల ప్రయాణం ఇంకో ఎత్తు. చిన్న వలస పిట్టల్లో తల్లిదండ్రులు వెంటబెట్టుకుని దారి చూపించడం ఉండదు. కొంగల్లా, బాతుల్లా గుంపుగా పోవు. ఏ దిక్కుకు ఎగరాలో, ఎన్నాళ్లు ఎగరాలో పుట్టుకతో వచ్చిన తెలివే చెప్పాలి. జూన్‌లో రాతిగోడ సందులో నోరు తెరిచి అరిచిన పిల్ల, అక్టోబరులో ఒక రాత్రి కొండ మీది నుంచి లేచి, ఎప్పుడూ చూడని సముద్రం మీదుగా, ఎప్పుడూ చూడని ఎడారి మీదుగా దక్షిణానికి పోతుంది. మార్చిలో వెనక్కి తిరుగుతుంది. బతికి బయటపడితే, చుట్టూ ఎన్ని తీరాలు కనిపించినా, వచ్చి దిగేది ఆ దీవిలోనే.